హామన్ దొర తిన్న దెబ్బ

ఎవరికి ఏ పతకం వచ్చినా, ఏ నటుడు బాగా వేషం కట్టినా, మా ఇంగ్లీషు పేపర్లవాళ్ళు 'అకొలేడ్' అని ఒక మాట పడేస్తారు. ఆ మాట పుట్టింది మెడ దగ్గర. లాటిన్‌లో మెడకి ఏ పేరుందో అది ఇప్పటికీ దాని కడుపులో ఉంది. చదువుకున్నవాళ్ళు ఈ సంగతి నిఘంటువు తిరగేసి తెలుసుకుంటారు. ఇంగ్లండులో మా హార్‌స్టన్ వైపు వాళ్ళకి అంత కష్టం అక్కర్లేదు. హామన్ దొర కథ తెలిస్తే చాలు.

ఏడువందల యాభై ఏళ్ళ కిందటి మాట ఇది. హామన్ దొర అంటే పెద్ద కోటా, వెనక వందమంది బంట్లూ అనుకోకండి. ఒక రాతి ఇల్లు, ముప్ఫై గొర్రెలు, ఆయాసం పట్టిన గుర్రం ఒకటి. అయితే ఆయన పట్టపు రౌతు, ఇంగ్లీషులో నైట్ అంటారే, అది. నడుముకి కత్తి పటకా, మడమలకి గుర్రాన్ని అదిలించే ముళ్ళు, పేరు చివర దొర అనిపించుకునే హక్కు, అన్నీ ఉన్నాయి. ఆయనకి ఉన్న ఆస్తల్లా నిజానికి అదే.

పట్టం కట్టేటప్పుడు మెడ మీద ఒక దెబ్బ వేస్తారు, అకొలేడ్ అంటే ఆ తంతే. మనిషి తిరిగి కొట్టకుండా ఊరుకోవాల్సిన ఆఖరి దెబ్బ అది. ఆ తరవాత ఎవడు చెయ్యి చేసుకున్నా రౌతు ఊరుకోనక్కర్లేదు. అందుకే ఏ ఇద్దరు రౌతులు కలిసినా ముందు దెబ్బ కబుర్లే. ఎవరు కొట్టారు, ఎంత గట్టిగా కొట్టారు, కింద పడ్డావా, నిలబడ్డావా.

హామన్ తన దెబ్బ కథ ఇరవై రెండేళ్ళుగా వంతెన పక్క బీరు కొట్లో చెబుతున్నాడు. వేల్స్ సరిహద్దు ఏటి దగ్గర జరిగిన పోరులో బ్రాన్స్‌బీ ప్రభువు స్వయంగా తనని మోకాళ్ళ మీద కూచోబెట్టి, అరచెయ్యి చాచి, మెడ మీద ఫెళ్ళుమని ఒక్కటి ఇచ్చాడట. మూడు రోజులు చెవిలో గంటలు మోగాయట. మొదటి ఏడు ఆ దెబ్బకి ఆయన తూలాడు. అయిదో ఏడు వచ్చేసరికి నేల మీద పడ్డాడు. పదో ఏట ఏటి అవతల గట్టున ఉన్న గుర్రాలు కూడా ఆ చప్పుడుకి బెదిరాయి. గోరంతని కొండంత చెయ్యడంలో మనిషికి సిగ్గుండదు, వినేవాళ్ళుంటే చాలు.

అసలు జరిగింది వేరు. ఆ రోజు ప్రభువు గుర్రం ఏట్లో కూలబడితే, హామన్ నీళ్ళలో దూకి ఆయన్ని గట్టుకి లాగాడు. అప్పటికే ఆయన కుడి భుజంలో బాణం దిగబడి ఉంది. బతకనని ఆయనకి తెలిసిపోయింది. హామన్‌ని మోకాళ్ళ మీద కూచోమన్నాడు. కుడి చెయ్యి లేవలేదు. ఎడం చేత్తో హామన్ మెడ చుట్టూ పట్టి దగ్గరికి లాక్కుని, గుండెలకి అదుముకున్నాడు. "ఇవాళ్టి నుంచి నువ్వు రౌతువి" అన్నాడు. ఇనప చొక్కా మొహానికి గుచ్చుకుంటుంటే, చెవుల నిండా ఏటి హోరు తప్ప ఏమీ వినపడక, హామన్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడే వెనక ఎక్కడో ఫెళ్ళుమని చప్పుడైంది. ఎవరో గుర్రాన్ని అదిలించారనుకున్నాడు. సాయంత్రానికి ప్రభువు పోయాడు.

ఊరొచ్చిన మొదటి రోజునే కుర్రకారు చుట్టూ మూగి, దెబ్బ గట్టిగా తగిలిందా అని అడిగారు. కౌగిలించుకున్నాడు, నేను ఏడ్చాను అని చెప్పడానికి నోరు రాలేదు. "గట్టిగానే" అన్నాడు. తరవాత ఆ ఫెళ్ళుమన్న చప్పుడు కథకి బాగా పనికొచ్చింది. అంతే, అక్కడ మొదలైంది.

అది ఇన్నేళ్ళకి పీకల మీదికి వచ్చింది.

ఎవీస్ అనే వితంతువు తండ్రి నుంచి తనకి రావాల్సిన, పిండి విసిరే నీటిమర కోసం వారిన్ అనే ఆసామీ మీద దావా వేసింది. వారిన్ ఆ మరని కబళించి కూచున్నాడు. అలాంటి తగాదా వస్తే పన్నెండుమంది పట్టపు రౌతులు ప్రమాణం చేసి, ఆస్తి ఎవరిదో తేల్చాలి. అదీ మా దేశపు చట్టం. పన్నెండుకి ఒక్కడు తగ్గినా చెల్లదు. ఆ రోజుల్లో మా జిల్లాలో పన్నెండుమందిని పోగుచెయ్యడమే గగనం. గుర్రం, కవచం, పనులు మానుకుని సభల చుట్టూ తిరగడం, ఎవడు పడతాడు ఈ బాధ అని ఆస్తి ఉన్నవాళ్ళు కూడా పట్టం తప్పించుకు తిరిగేవారు. హామన్‌ని కలుపుకుంటేనే లెక్క పన్నెండు.

రాజుగారి న్యాయమూర్తి ఏడేళ్ళకోసారి వచ్చేవాడు. ఆ సోమవారం సభ మొదలవగానే వారిన్ ప్లీడరు లేచి, ముక్కు మీద ఈగని తోలినంత తేలిగ్గా ఒక మాటన్నాడు.

"అయ్యా, పదకొండుమంది మీద మాకు ఏ అభ్యంతరమూ లేదు. ఈ హామన్ రౌతే కాదు. పట్టం కట్టాడంటున్న ప్రభువు అదే రోజు చచ్చిపోయాడు. చూసినవాళ్ళెవరో తెమ్మనండి."

న్యాయమూర్తి బక్కపలచటి ముసలాయన. జలుబు చేసి ముక్కు ఎగబీలుస్తూ కూచున్నాడు. గురువారానికి సాక్షిని తెమ్మన్నాడు. తేలేకపోతే పటకా, మడమ ముళ్ళు సభలోనే ఊడదీస్తారు, దొంగ పట్టానికి జరిమానా కూడా వేస్తారు.

బయటికి రాగానే ఎవీస్ ఎదురొచ్చింది. "దొరా, మీరు లేకపోతే నా దావా మళ్ళీ ఏడేళ్ళకి పోతుంది. అప్పటిదాకా నేనుండను" అంది. ఏడవలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. హామన్ తలూపాడు గాని ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

ఆనాడు ఏటి ఒడ్డున ప్రభువు పక్కనున్న ఇద్దరు దొరలూ ఎప్పుడో పోయారు. మిగిలింది ఒక్కడు, విమండ్. గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. అప్పట్లో సైన్యం వెంట ఉండేవాడు, ఇప్పుడు వంతెన పక్కనే కొలిమి పెట్టుకున్నాడు. రోజూ అదే బీరు కొట్లో, అదే మూల కూచుని, హామన్ కథ ఇరవై రెండేళ్ళుగా వింటున్నాడు. ఏ రోజూ కిక్కురుమనలేదు. హామన్ వాడి వైపు చూడకుండా కథ చెప్పడం అలవాటు చేసుకున్నాడు.

ఇంటికెళ్ళి భార్య సబీనాకి అంతా చెప్పేశాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆవిడకి చెప్పని సంగతి అదొక్కటే. ఆవిడ బఠాణీలు ఏరుతూ వింది.

"నాకు తెలుసు" అంది.

"నీకెలా తెలుసు?"

"నిద్దట్లో దెబ్బ మాట ఒక్కసారైనా అన్నారా మీరు? 'ప్రభూ, వదలకండి' అంటారు. ఏడాదికి నాలుగైదుసార్లు. దెబ్బ తిన్నవాడు వదలకండి అని ఎందుకంటాడు?"

హామన్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఇప్పుడు సిగ్గుపడి ఏం లాభం" అంది సబీనా. "అటక మీద పంది తొడ ఉప్పులో ఊరి ఉంది. అది పట్టుకుని విమండ్ దగ్గరికెళ్ళండి. దెబ్బ తగిలిందని ఒక్క ముక్క చెప్పమనండి. వాడి సొమ్మేం పోయింది?"

మర్నాడు పొద్దున్న హామన్ పంది తొడ చంకన పెట్టుకుని కొలిమికి వెళ్ళాడు. విమండ్ ఒక బండి గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని డెక్క చెక్కుతున్నాడు. తలెత్తి ముందు దొరని చూశాడు, తరవాత పంది తొడని చూశాడు.

"ఊరికే రారు మహానుభావులు" అన్నాడు.

"గురువారం నిన్ను సభకి పిలుస్తారు విమండూ."

"నిన్ననే బంట్రోతు వచ్చి చెప్పాడు దొరా."

"నువ్వేం చెబుతావు?"

"చూసింది చెబుతా. చర్చిలో ఉన్న సాధువుగారి ఎముకల పెట్టి మీద చెయ్యి వేయిస్తారు. దాని మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే స్వర్గంలో మా ఆవిడ ఉన్నచోటికి నేను పోలేను. దాని దగ్గరికి పోకపోతే అక్కడ కూడా నన్ను తిట్టుకుంటుంది." విమండ్ గుర్రం కాలు దించి, నడుం పట్టుకుని లేచాడు. "మీరేం చెబుతారో అది మీ ఇష్టం. మీ కథ నేను విన్నాను. ఏడాదికేడాది బరువెక్కుతోంది. ఇంకో పదేళ్ళు బతికితే ఆ దెబ్బకి వంతెన కూలేట్టుంది."

హామన్ పంది తొడ దిమ్మ మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఇది తీసుకుపోండి దొరా" అన్నాడు విమండ్. "ముందు తింటే లంచం. గురువారం తరవాత పిలవండి, వచ్చి తింటాను."

హామన్ మళ్ళీ ఆ తొడ మోసుకుంటూ ఊరంతా చూస్తుండగా ఇంటికొచ్చాడు.

గురువారం సభ కిటకిటలాడింది. ఆ చుట్టుపక్కల ఏడు ఊళ్ళ జనమూ వచ్చారు. హామన్ దెబ్బ కథ విననివాడు వాళ్ళలో లేడు. పదకొండుమంది రౌతులు ఒక పక్క బల్ల మీద కూచున్నారు, పన్నెండో చోటు ఖాళీ. న్యాయమూర్తి జలుబు ఇంకా తగ్గలేదు.

"నీకు పట్టం ఎలా కట్టారో చెప్పు" అన్నాడు ప్లీడరు. ఎంతో మర్యాదగా అడిగాడు. దెబ్బ తిన్నానంటే విమండ్ కాదంటాడు, అక్కడితో దొంగ ప్రమాణం. దెబ్బ లేదంటే పట్టమే లేదు. ఎటు చూసినా గొయ్యే. ఆ గొయ్యి తవ్వింది వారిన్ కాదు, తన నోరే.

హామన్ వెనక్కి తిరిగి చూశాడు. ఎవీస్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సబీనా ఆమె పక్కనే ఉంది.

"దెబ్బ లేదయ్యా" అన్నాడు. "ఇన్నేళ్ళూ నేను చెప్పుకు తిరిగింది అబద్ధం. ప్రభువు కుడి చెయ్యి పనిచెయ్యలేదు. ఎడం చేత్తో మెడ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. నువ్వు రౌతువన్నాడు. నేను ఏడ్చాను. అది చెప్పుకోడానికి సిగ్గేసి దెబ్బ అన్నాను."

 వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. "మరి మూడు రోజులు గంటలు కొట్టినవాడెవడు దొరా? చర్చి పూజారా?"

ఇక నవ్వు ఆగలేదు. కడుపులు పట్టుకుని నవ్వారు. బల్ల మీది రౌతులు నవ్వారు, తలుపు దగ్గరి బంట్రోతులు నవ్వారు. హామన్ చెయ్యి ఒకసారి కత్తి పటకా మీదికి పోయింది. మళ్ళీ కిందికి దిగింది. చేతులు కట్టుకుని, నవ్వు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. చచ్చిపోతే బాగుండునని మాత్రం అనిపించింది.

"తనే ఒప్పుకున్నాడు" అన్నాడు ప్లీడరు. "దెబ్బ లేనిదే పట్టం ఎక్కడిది?"

న్యాయమూర్తి బల్ల వైపు తిరిగాడు. అక్కడ అందరికంటే పెద్దవాడు ఓడినెల్ దొర, ఎనభై దాటినవాడు, సగం నిద్రలో ఉన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచి లేపాడు.

"దెబ్బ లేకుండా పట్టం కట్టడం తమరు విన్నారా?"

"దెబ్బా?" అన్నాడు ఓడినెల్. "మా తాత కాలంలో దెబ్బేమిటి? మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి తీసుకునేవారు, ముద్దుపెట్టుకునేవారు, పొమ్మనేవారు. అందుకేగా ఆ పనికి మెడ పేరు పెట్టారు. దెబ్బలు తరవాత వచ్చాయి. కౌగిలింత ఎవడికి గుర్తుంటుంది? దెబ్బయితే తిన్నవాడికీ గుర్తుంటుంది, చూసినవాడికీ గుర్తుంటుంది."

"అదే చిక్కు" అన్నాడు న్యాయమూర్తి. "కాగితం ముక్క లేదు. ఈ కౌగిలింతని ఎవడు గుర్తుపెట్టుకున్నాడు?"

విమండ్‌ని పిలిచారు. తోలు అప్రాను కూడా విప్పకుండా వచ్చి, ఎముకల పెట్టి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. మా సభల్లో సాక్షి చూశానంటే చాలదు, అది తనకి ఎలా గుర్తుందో కూడా చెప్పాలి. ఆ రోజు మా ఆవు ఈనిందనో, ఆ రోజు మా మామ చెట్టు మీంచి పడ్డాడనో ఏదో ఒక ఆనవాలు ఉండాలి.

"హామన్ చెప్పింది నిజమేనా?" అని అడిగాడు న్యాయమూర్తి.

"నిజమేనయ్యా. మెడ పట్టుకుని అదుముకున్నాడు. ఈయన ఏడ్చాడు. అంతా బానే చెప్పాడు. దెబ్బ లేదన్నాడే, అదొక్కటి తప్పు."

ప్లీడరు తలెత్తాడు. హామన్ కూడా తలెత్తాడు.

"దెబ్బ ఉంది" అన్నాడు విమండ్. "ఈయనకి తగల్లేదు. నాకు తగిలింది."

"వివరంగా చెప్పు" అన్నాడు న్యాయమూర్తి.

"నేను పక్కన గుర్రం కళ్ళెం పట్టుకుని ఉన్నానయ్యా. ప్రభువు ఈయన్ని గుండెలకి పట్టుకుని, ఈయన తల మీంచి మా వైపు చూసి అన్నాడు. 'నా చెయ్యి లేవట్లేదు. దెబ్బ లేకపోతే రేపు వీణ్ణి ఎవడూ నమ్మడు. ఆ లాడాలవాణ్ణి ఒక్కటి పీకండి. వాడికి గుర్తుంటుంది' అన్నాడు. పక్కనున్న దొర ఇనప చేతొడుగు తియ్యకుండానే పీకాడు."

విమండ్ వేలితో పై పెదవి ఎత్తి చూపించాడు. ఎడం వైపు రెండు పళ్ళు లేవు.

"రొట్టె నమిలినప్పుడల్లా గుర్తొస్తుందయ్యా. రోజుకి రెండు పూటలా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హామన్‌కి ఆ ఫెళ్ళుమన్న చప్పుడు మళ్ళీ చెవిలో పడింది. గుర్రాన్ని కాదు అదిలించింది. ఇరవై రెండేళ్ళు తను ఊరూరా చెప్పుకున్న దెబ్బకి అసలు సొంతదారు మూల కూచుని, ఉన్న పళ్ళతో రొట్టె నములుతూ విన్నాడు.

న్యాయమూర్తి ముక్కు తుడుచుకుని గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకో. కౌగిలింత ఒకరికి, దెబ్బ ఇంకొకరికి. రెండూ ఒకే చోట, ఒకే మాట మీద జరిగాయి. సాక్షికి గుర్తుంది. పట్టం చెల్లుతుంది. హామన్ దొరా, వెళ్ళి నీ చోట్లో కూచో."

పన్నెండుమందీ ప్రమాణం చేశారు. మధ్యాహ్నం దాటేసరికి నీటిమర ఎవీస్‌ది అయింది. వారిన్ ఎవరితోనూ మాట్లాడకుండా గుర్రం ఎక్కాడు.

బయట సన్నగా వాన పడుతోంది. జనం ఇంకా వాకిట్లోనే ఉన్నారు. హామన్ వాళ్ళని తోసుకుంటూ వెళ్ళి విమండ్‌ని పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళు నా పక్కనే కూచున్నావు. ఒక్కసారైనా ఆ దెబ్బ నాదని ఎందుకనలేదు?"

"మీరు బీరు పోయించేవారుగా దొరా."

"నిజం చెప్పు."

విమండ్ మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరికి చెప్పను? దొర తింటే అది పట్టం. లాడాలవాడు తింటే రెండు పళ్ళు పోయాయంటారు, అంతే. మీరు చెబుతుంటే కనీసం నా దెబ్బకి ఒక పేరుందనిపించేది. మూల కూచుని, అది నాదే కదా అనుకునేవాణ్ణి."

హామన్ టోపీ తీసి సబీనా చేతికిచ్చాడు. విమండ్ ముందు మెడ వంచాడు.

"అది నాకు రావాల్సింది. నువ్వు చాలాకాలం మోశావు. ఇచ్చెయ్యి."

"దొరా, ఇది సమ్మెట పట్టే చెయ్యి."

"తెలుసు."

విమండ్ చుట్టూ చూశాడు. సబీనా వైపు చూశాడు. ఆవిడ కానివ్వమన్నట్టు తలూపింది. అరచెయ్యి అప్రానుకి తుడుచుకున్నాడు. తరవాత వేసిన దెబ్బ చప్పుడు వంతెన దాకా వినపడిందని చూసినవాళ్ళు చెప్పారు. అది గోరంతని కొండంత చెయ్యడం కాదు, వంతెన అక్కడికి దగ్గరే.

హామన్ బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు. ఆయన పాలేరు ఒకడు చాకు మీద చెయ్యి వేసి ముందుకొచ్చాడు. హామన్ చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు. దీనికి తిరిగి కొట్టకూడదు" అన్నాడు.

విమండ్ వంగి లేవదీశాడు. లేవడానికని వాడి మెడ చుట్టూ వేసిన చెయ్యి హామన్ చాలాసేపు తియ్యలేదు. ఏడుస్తున్నాడని అందరికీ కనిపిస్తూనే ఉంది. ఈసారి దాచుకోలేదు.

ఆ రాత్రి ముగ్గురూ కూచుని పంది తొడ తిన్నారు. విమండ్ కుడి వైపుతో నమిలాడు. సబీనా ఏదో అడిగితే హామన్ ఆవిడ వైపు కుడి చెవి తిప్పి, ఏమన్నావు అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఎడం చెవిలో గంటలు అయిదు రోజులు మోగాయి. బీరు కొట్లో ఎవరడిగినా మాత్రం హామన్ మూడు రోజులనే చెప్పాడు.